రెండు వరుసల పువ్వులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను దొంగచాటుగా తెరిచి చూసే వస్తువు ఒకటుండేది. అది మా తాతయ్య నోటుపుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ఆయన మంచం తలవైపు గూట్లో, కళ్ళద్దాల పెట్టె కింద ఉండేది. ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని తీసి, నా పేరు ఎక్కడైనా ఉందేమోనని మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికేవాణ్ణి. ఎప్పుడూ ఉండేది కాదు. ఒక్క పేరు మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపించేది. అది మగ్గాల వీధిలో ఉండే ఒక పిల్ల పేరు. నా తరగతే, నా వయసే.

మాది నగరికి నాలుగు మైళ్ళ అవతల నేతవారి ఊరు. మా నాయన తిరుపతిలో గుడి ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. అక్కడి ఇరుకింట్లో చదువు సాగదని నన్ను తాతయ్య దగ్గర ఉంచారు. తాతయ్య మా ఊరి హైస్కూల్లో తెలుగు అయ్యవారు. నుదుట నామం, భుజాన ఉత్తరీయం, చేతిలో సుద్దముక్క. ఈ మూడూ లేకుండా ఆయన్ను ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

తాతయ్యకు బళ్ళో ఒక పద్ధతి ఉండేది. వారమంతా అలంకారాల లక్షణాలు చెప్పేవాడు. ఉపమ అంటే ఏమిటి, రూపకం అంటే ఏమిటి, ఉత్ప్రేక్షకూ అతిశయోక్తికీ తేడా ఎక్కడ అని. శుక్రవారం చివరి పీరియడ్‌లో మాత్రం పుస్తకాలు మూయించి, ఒక్కొక్కరినీ లేపి, సొంతంగా ఒక ఉదాహరణ చెప్పమనేవాడు. ఎక్కడా చదవనిది, ఎవరి దగ్గరా విననిది, మా కంటితో మేము చూసినదై ఉండాలి. నచ్చితే సాయంత్రం ఇంటికి వచ్చి ఆ ఎర్ర పుస్తకంలో రాసుకునేవాడు. కింద చెప్పిన పిల్ల పేరో పిల్లవాడి పేరో వేసేవాడు.

లక్షణాల్లో నన్ను మించినవాడు లేడు. ఉపమకు నాలుగు అంగాలని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెండింటికీ ఉన్న ఒకే గుణం సమానధర్మం. 'వలె', 'లాగా' అనే మాట ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏదైనా లోపిస్తే లుప్తోపమ. కానీ శుక్రవారం వచ్చేసరికి నాకు సొంత మాట దొరికేది కాదు. లేచి నిలబడి, ఆమె ముఖము చంద్రబింబము వలె ఉన్నది అనేవాణ్ణి.

"అది మా అయ్యవారు నాకు చెప్పిందిరా. ఆయనకు వాళ్ళ అయ్యవారు చెప్పినాడు. నీది యాడుండాది?" అనేవాడు తాతయ్య. పిల్లలు నవ్వేవాళ్ళు.

తర్వాత ఆ పిల్ల లేచేది. దానికి లక్షణాలు సరిగ్గా వచ్చేవి కావు. ఉత్ప్రేక్షను అతిశయోక్తి అనేది. కానీ ఒకసారి కిటికీలోంచి నగరి కొండను చూస్తూ, "వాన యాడుండాదా అని కొండ ముక్కెత్తి వాసన చూస్తా ఉన్నట్టుండాదయ్యా" అన్నది. మా వైపు నుంచి చూస్తే ఆ కొండ కొస నిజంగానే మనిషి ముక్కులా ఉంటుంది. ఊరంతా దాన్ని ముక్కు కొండనే అంటుంది. అది వాసన చూస్తుందని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనలేదు. ఇంకోసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పే స్వభావోక్తికి ఉదాహరణ అడిగితే, "వీధిలో పడుగు చాచిన పొద్దున మా వీధి కుక్క గూడా గోడవారనే నడుస్తాది" అన్నది. నేతవాళ్ళు తెల్లవారగానే పడుగు నూలును వీధి పొడుగునా చాచి గంజి పెట్టేవారు. ఆ పోగులు తెగకుండా మనుషులు పక్కకు ఒదిగి నడవడం నేనూ రోజూ చూసేవాణ్ణే. కుక్కను మాత్రం చూడలేదు.

ఆ రోజు తాతయ్య సుద్దముక్క బల్ల మీద పెట్టి చాలాసేపు నవ్వాడు. ఇంట్లో నన్ను చూసి ఆయన అలా ఎన్నడూ నవ్వలేదు. ఆ నవ్వు నాకు కడుపులో పచ్చి చింతకాయ తిన్నట్టు పనిచేసింది. ఆ పిల్ల రెండు జడల కొసలకు నూలుపోగులు కట్టుకుని వచ్చేది. వాటిని చూసినా మండేది. దాని చేతిరాత నాకంటే అధ్వాన్నం. అది కొంత ఊరట. శుక్రవారం దానికి జ్వరం వస్తే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. ఒక శుక్రవారం అది నిజంగానే రాలేదు. తాతయ్య తరగతిలోకి వస్తూనే ఖాళీ చోటు చూసి, "అదేమప్పా, ఈ పొద్దు మనకు పండగ లేదే" అన్నాడు. వచ్చినప్పుడే నయమనిపించింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తాతయ్య రిటైరవ్వాల్సిన సంవత్సరం వచ్చింది. ఆ రోజుల్లో సన్మానమంటే సన్మాన పత్రం లేకుండా జరిగేది కాదు. రంగు కాగితం మీద అంచుకు లతలు వేసి అచ్చు కొట్టించి, అద్దం కట్టించి, వేదిక మీద చదివి, చేతికిచ్చేవారు. ప్రతి పేరాకూ మొదట్లో 'విద్యాదాతా!', 'సుగుణనిధీ!' అని ఒక పిలుపు. లోపల సూర్యుడు, సముద్రం, మేరుపర్వతం. ఒకరికి రాసింది పేరు మార్చి ఇంకొకరికి చదివినా తెలిసేది కాదు. మా హెడ్‌మాస్టరుకు మాత్రం ఈసారి ఒక ఆలోచన వచ్చింది. ఆయన లెక్కల మనిషి. ఇన్నేళ్ళు పిల్లలకు రాయడం నేర్పిన ఆయనకు పిల్లలే రాయాలి గదా అన్నాడు. ఎవరు రాసింది బాగుంటే వాళ్ళే చదవాలి అని కూడా అన్నాడు.

అది నాదే అనుకున్నాను. మా తాతయ్య, నేను మనవణ్ణి, తరగతిలో నేనే మొదటివాణ్ణి. నాలుగు పుటలు రాశాను. సూర్యుని వలె తేజస్సు, సముద్రము వలె గాంభీర్యము. ఒక్క అక్షరదోషం లేదు. వేదిక మీద నేను చదువుతుంటే తాతయ్య తలెత్తి నన్ను చూడడం, ఇంటికి వచ్చి ఎర్ర పుస్తకం తీయడం, ఇదంతా మనసులో ఎన్నిసార్లు జరిపించుకున్నానో చెప్పలేను. తాతయ్య తప్ప టీచర్లంతా కూర్చుని చదివారు. ఆ పిల్లదే ఎంచారు.

అక్కడితో పోయినా నేను ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. కానీ హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, ఆ పిల్ల రాసిన కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు. నగరిలో ప్రెస్సుకు తీసుకుపోయి అచ్చుకిచ్చి రమ్మన్నాడు. అయ్యవారికి తెలియకూడదు, ఇంటి మనిషివి కాబట్టి నువ్వయితే గుట్టుగా చేస్తావు అన్నాడు. ఆ నమ్మకం కూడా నాకు అవమానంలాగే తోచింది.

దారిలో ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని కాగితం విప్పాను. వంకర అక్షరాలు. సూర్యుడు లేడు, సముద్రం లేదు. మూడో పేరాలో ఈ మాటలున్నాయి: "మగ్గం గుంతలో కూర్చున్న నేతగాడు నడుము దాకానే లోకానికి కనిపిస్తాడు. కింద ఎవరికీ కనిపించని చోట ఆయన పాదాలు తొక్కుతూ ఉంటేనే పైన బట్ట పెరుగుతుంది. మా అయ్యవారు మాకు అలాంటివారు. ఆ పాదాల చప్పుడు మేము ఏ ఊరికి పోయినా మా చెవుల్లో ఉంటుంది."

ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. ఎండలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తాతయ్యతో ఒకే కంచంలో తిన్నవాణ్ణి, ఆయన పక్కన పడుకున్నవాణ్ణి. నాకు సూర్యుడు దొరికాడు. దానికి ఆయన దొరికాడు. అది నాకు అప్పుడే, ఆ గోడ మీదే అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే నేను చేసిన పనికి కొంత క్షమ ఉండేది.

ప్రెస్సులో ఇచ్చి, మూడో రోజు వెళ్ళి, దిద్దడానికి అచ్చు ప్రతి తెచ్చాను. హెడ్‌మాస్టరు గది ముందు నిలబడి, "ఈడ ఒక దోషముండాది సార్" అన్నాను. ఉపమాదోషాల్లో హీనోపమ అని ఒకటుంది. గొప్పదాన్ని తక్కువదానితో పోలిస్తే వచ్చే దోషం. అది నాకు చెప్పింది తాతయ్యే. గురువుగారిని గుంతలో కూర్చున్న మనిషితో పోల్చడం హీనోపమ అని, పెద్దలు వచ్చే సభలో నవ్వులపాలవుతామని చెప్పాను. హెడ్‌మాస్టరు ఇంకా తటపటాయిస్తుంటే, చివరగా ఒక అబద్ధం కలిపాను. "తాతయ్య మనసు కష్టపెట్టుకుంటాడు సార్." పాపం ఆయనకు అలంకారాలంటే భయం. చిత్తూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని మరీ భయం. పెన్ను తీసి మొదటి మూడు వాక్యాలు కొట్టేశాడు. నాలుగోది అలాగే ఉండిపోయింది. దాన్ని గమనించేటంత తెలుగు ఆయనకు లేదు. గమనించేటంత నిదానం నాకు లేదు.

ప్రెస్సులో అక్షరాలు పేర్చే ముసలాయన విసుక్కున్నాడు. అంతా పేర్చి బిగించాక ఇప్పుడు తీయమంటే ఎట్లా, మధ్యలో ఇంత సందు వచ్చిందే, దాన్ని దేంతో నింపాలి అన్నాడు. ఆయన పక్కన గూళ్ళలో చిన్న చిన్న సీసపు పువ్వుల అచ్చులున్నాయి. పెళ్ళి శుభలేఖలకు వాడేవి.

"పువ్వులు పెట్టండి" అన్నాను నేనే. రెండు వరుసలు పట్టాయి.

సభకు ముందురోజు ఆ పిల్లను చదవడానికి సిద్ధం చేశారు. అచ్చయిన పత్రం చేతిలోకి తీసుకుని, మూడో పేరా దగ్గర ఆగింది. వేలితో పువ్వులను తడిమింది. హెడ్‌మాస్టరు మెత్తగానే చెప్పాడు, పెద్దాయనకు మగ్గం గుంత మాట ఎందుకులేమ్మా, శాస్త్ర ప్రకారం దోషమట అని.

"మా నాయన కూర్చునేది ఆడే గదా సార్" అన్నది అది. గొంతు పెంచలేదు. "ఆడ దోషమేముండాది?"

"నాకేం తెలుసమ్మా. అయ్యవారి మనవడే చెప్పినాడు."

అది నా వైపు తిరిగి చూసింది. తిట్టలేదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు ఒక్క క్షణం చూసి, పత్రం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్ళ నాయనకు ఆ మాటలు ఉన్నాయని అది అప్పటికే చెప్పేసిందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆగేవాణ్ణా అంటే, ఆగేవాణ్ణి కాదనే నిజం చెప్పాలి.

మరునాడు మధ్యాహ్నం బడి ఆవరణలో షామియానా కింద సభ. తాతయ్య మెడలో బంతి దండలు. ఆ పిల్ల చదువుతోంది. అప్పుడు చూశాను, వెనక గోడ దగ్గర ఆ పిల్ల నాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, తల దువ్వుకుని, పక్కన మగ్గాల వీధివాళ్ళు ముగ్గురు. పగటిపూట మగ్గం దిగి వాళ్ళు బడిలో అడుగుపెట్టడం అదే మొదలు. తన మగ్గం సంగతి వేదిక మీద చదువుతారని, వచ్చి వినండని ఆయన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు.

మూడో పేరా వచ్చింది. పువ్వుల దగ్గర అది ఆగింది. ఆ మూడు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు, సరిగ్గా అంతసేపు, మౌనంగా నిలబడింది. తర్వాత, "ఆ పాదాల చప్పుడు మేము ఏ ఊరికి పోయినా మా చెవుల్లో ఉంటుంది" అని చదివి ముందుకు పోయింది. సభలో ఎవరికీ ఏమీ తెలియలేదు. తాతయ్య మాత్రం తల పక్కకు తిప్పాడు. పద్యం అప్పగించేటప్పుడు ఎవరైనా ఒక మాట మింగితే ఆయన తల అలాగే తిరిగేది. వెనక గోడ దగ్గర ముగ్గురూ ఆ పిల్ల నాయన వైపు చూశారు. ఆయన ఇంకా వస్తుంది ఉండండి అన్నట్టు చెయ్యి ఊపాడు. పత్రం అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు.

నేను అనుకున్నది జరిగింది. కానీ నాకు సంతోషం రాలేదు. ఆ పిల్ల మౌనంగా నిలబడినప్పుడు, ఆ మూడు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా నా లోపల వినిపించాయి.

మరునాడు ఆదివారం. పొద్దున కాఫీ తాగి తాతయ్య గోడకున్న పత్రం దింపించాడు. ఒళ్ళో పెట్టుకుని, మూడో పేరా చదవమన్నాడు. చదివాను.

"యే పాదాలురా?" అన్నాడు.

నేను పువ్వుల మీది నుంచి చూపు తిప్పుకున్నాను.

"ఉపమేయం నేను, ఈడనే ఉండాను. సమానధర్మం ఒకటి దిక్కు లేకుండా తచ్చాడతా ఉండాది. ఉపమానం యాడికి పోయిందబ్బా?"

ఆ స్థితిలో కూడా బాగా చదివే పిల్లవాడి అలవాటు పోలేదు. "లుప్తోపమ తాతా" అన్నాను.

"అవునప్పా. రాసినవాళ్ళు వదిలిపెడితే లుప్తోపమ అంటారు." పువ్వుల మీద వేలు పెట్టాడు. "ఎవురో పీకేస్తే దాన్నేమంటారో మా అయ్యవారు నాకు చెప్పలేదు. నీకేమైనా తెలుసునా?"

అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను. కల్వర్టు, ప్రెస్సు, హెడ్‌మాస్టరు గది, అబద్ధం. ఏడుపులో కూడా నన్ను నేను కాపాడుకోవడం మానలేదు. అది హీనోపమ, నువ్వే గదా చెప్పావు అన్నాను. కొడతాడనుకున్నాను. ఆయన పత్రాన్ని ఉత్తరీయంలో చుట్టి చంకన పెట్టుకుని లేచాడు. ఒక తెల్ల కాగితం ముక్క, నా సిరా పెన్ను తెమ్మన్నాడు.

"యాడ హీనమో చూసొద్దాం పా" అన్నాడు.

మగ్గాల వీధిలో ఆదివారమైనా మగ్గాలు ఆడుతున్నాయి. ఆ పిల్ల ఇల్లు ఒకే గది. సగం గది మగ్గమే. వాళ్ళ నాయన గుంతలో ఉన్నాడు. మమ్మల్ని చూసి పైకి లేవబోతే తాతయ్య వద్దని వారించాడు. సెలవు రోజు పనేమిటని అడిగితే, "నిన్న దినం పోయింది గదా సామీ, ఈ పొద్దు తొక్కేస్తే సరిపోతాది" అని నవ్వాడు. ఆ దినం ఎందుకు పోయిందో నాకు తెలుసు.

"మావాడికి నీ మగ్గం గుంత చూడాలనుండాదంట" అన్నాడు తాతయ్య.

ఆయన ముఖం వెలిగిపోయింది. "దా సామీ, దిగు. ఎవురడగతారు దీన్ని!" అంటూ తాను పైకి వచ్చి నన్ను లోపలికి దింపాడు.

గుంత చల్లగా ఉంది. మట్టి వాసన. కింద రెండు తొక్కుడు చెక్కలు, ఆయన పాదాల అచ్చు పడి నునుపు తేలి ఉన్నాయి. కూర్చోగానే లోకం మారిపోయింది. నా ఛాతీ దగ్గర నేల. కళ్ళెదుట అందరి కాళ్ళు. గడప దగ్గర ఆ పిల్ల కాళ్ళు, గోడవార నిలబడిన వాళ్ళమ్మ కాళ్ళు. పక్కన నాకు మూరెడు దూరంలో తాతయ్య కాళ్ళు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఆ పాదాలను నేను అంత దగ్గరగా అంతకుముందు చూడలేదు. మడమలు బీటలు వారి ఉన్నాయి. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడిన కాళ్ళు అవి. నిలబడి చెప్పకపోతే తనకు మాట రాదనేవాడు. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకునేవాడు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు. ఆ పిల్ల వాటిని చూసింది. రోజూ మొదటి వరసలో కింద కూర్చుని చూసింది.

తొక్కి చూడమన్నాడు వాళ్ళ నాయన. తొక్కాను. తడబడి రెండు చెక్కలూ ఒకేసారి తొక్కేసరికి నాలుగైదు పోగులు పుటుక్కున తెగాయి. చెక్కల మీదినుంచి పాదాలు తీసేశాను. ఆ పిల్ల వచ్చి, పక్కన వంగి, తెగిన కొసలు వెతికి పట్టుకుని ముడులు వేసింది. దాని వేళ్ళు నా కళ్ళ ముందే కదిలాయి. నా వైపు మాత్రం చూడలేదు.

అప్పుడు తాతయ్య పత్రాన్ని విప్పాడు. "ఈడ కొన్ని మాటలు రాలిపోయినాయమ్మా. నువ్వు చెప్తే మావాడు రాసుకుంటాడు."

అది ముడి వేస్తూనే అన్నది: "నేనెందుకయ్యా చెప్పేది? వాడికి వచ్చు."

తాతయ్య ఆశ్చర్యంగా నన్ను చూశాడు. "వచ్చునా?"

వచ్చు. అక్షరం పొల్లు లేకుండా వచ్చు. నేను రాసిన నాలుగు పుటల్లో ఒక్క వాక్యం నాకు గుర్తులేదు. ఈ మూడు వాక్యాలు మాత్రం కల్వర్టు గోడ మీదే కంఠతా వచ్చేశాయి. అది దానికెలా తెలుసో ఇప్పటికీ నాకు తెలియదు. ముందురోజు తాను ఆగిన చోట నా పెదవులు కదలడం వేదిక మీదినుంచి చూసిందేమో.

గుంతలో కూర్చునే, పత్రం అద్దాన్ని పలకలా మోకాళ్ళ మీద పెట్టుకుని, తెల్ల కాగితం మీద రాశాను. రాయడం అయ్యాక వాళ్ళ నాయన గుంత అంచున కూర్చుని, "యేం రాసినావో సదువు సామీ, ఇందాము. నిన్న ఇందామనే వచ్చినాను" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎవరు కొట్టేశారో ఆయనకు ఆ పిల్ల చెప్పలేదని అప్పుడే తెలిసింది.

చదివాను. మగ్గం గుంతలో కూర్చున్న నేతగాడు, అని మొదలుపెట్టి ఆగిపోయాను. తాతయ్య, "మొదట్నుంచి" అన్నాడు, బళ్ళో అన్నట్టే. మొదటినుంచి చదివాను. చివరి దాకా చదివాను. ఆ పిల్ల నాయన కాసేపు గుంతలోకి, తన తొక్కుడు చెక్కల వైపు చూశాడు.

"బాగుండాది గానీ పాపా," అన్నాడు, "ఆ నడుము నొప్పి పుడతాదని గూడా ఒక మాట రాసుంటే సరిపొయ్యేది గదా."

తాతయ్య పెద్దగా నవ్వాడు. వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనివాళ్ళం మేమిద్దరమే.

ఆ ఇంట్లో పడుగుకు పెట్టే గంజి ఉంది. అద్దం ఊడదీసి, ఆ గంజి రాసి, కాగితం ముక్కను పువ్వుల మీద అతికించాము. మళ్ళీ అద్దం బిగించి, తాతయ్య దాన్ని అందరికీ కనిపించేలా, గుడ్డ చుట్టకుండా, ఎదురుగా పట్టుకుని ఇంటికి నడిచాడు.

సాయంత్రం ఆయన గుడికి వెళ్ళగానే నేను ఎర్ర పుస్తకం తీశాను. తప్పు చేసిన రోజు కూడా ఆ అలవాటు మానలేకపోయాను. ఆ మూడు వాక్యాలూ ఆయన రాసుకున్నాడు. కింద ఆ పిల్ల పేరు. దాని కింద ఇంకో వరుస ఉంది: 'తిరిగి రాసినది' అని, నా పేరు. ఆ పుస్తకంలో నా పేరు ఉన్నది ఆ ఒక్క చోటే. నేను చూస్తానని ఆయనకు ఎప్పటినుంచో తెలుసని అప్పుడు గ్రహించాను.

ఆ పిల్లకు నేను క్షమాపణ చెప్పలేదు. చాలా ఏళ్ళకు పుత్తూరు బస్టాండులో కనిపించి, తాతయ్య ఎట్లా పోయారని అడిగింది. ఏదో పల్లెలో టీచరుగా చేస్తున్నానన్నది. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చింది. బస్సు వచ్చింది. ఎక్కింది. బస్సును నెపం చేసుకున్నాను గానీ, రెండు మాటలకు పట్టే సమయం ఉండింది. ఇప్పుడు ఆ వీధిలో అన్నీ మరమగ్గాలే. గుంతలు పూడ్చి సిమెంటు వేశారు.

నేనూ తెలుగు చెప్పే పని చేసే రిటైరయ్యాను. ఆ గుంతలో దిగాక అసూయ పోయిందని చెబితే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. తోటివాళ్ళ రాతలు చదివినప్పుడు, నా శిష్యులే నన్ను మించి రాసినప్పుడు, కడుపులో ఆ పచ్చి చింతకాయ పులుపు మళ్ళీ లేస్తుంది. వెంటనే చేతికి ఒక శాస్త్రం మాట దొరుకుతుంది. దోషాల పేర్లు నాకు ఇప్పటికీ బాగా వచ్చు. రెండు మూడుసార్లు వాటిని వాడాను కూడా, అవసరం లేని చోట. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

పత్రం మా ముందు గదిలో ఉంది. కాగితం పసుపు పచ్చగా మారింది. గంజి మాత్రం ఊడలేదు. వెలుతురుకు పట్టుకుంటే నా అక్షరాల వెనక రెండు వరుసల పువ్వులు కనిపిస్తాయి. ఎవరి రాతలోనైనా తప్పు పట్టాలని పెన్ను తీసినప్పుడు, ముందుగా కళ్ళు మూసుకుని ఒకటి చూసుకుంటాను, ఆ వాక్యం నాకు అప్పుడే కంఠతా వచ్చేసిందా అని. వచ్చేసి ఉంటే పెన్ను మూత పెట్టేస్తాను.